పిస్టను కొనేముందు బోరు కొలిపించండి

కాలువలకు నీళ్లు వదిలేలోపు ట్రాక్టరు ఇంజను పని ముగించుకోవాలని డెల్టాలో ప్రతి రైతూ అనుకుంటాడు. అందుకే వేసవిలో మెకానిక్ షెడ్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. నీలి పొగ వదిలేవి కొన్ని, ఆయిలు తాగేవి కొన్ని, పొద్దున్నే ఎంతకీ స్టార్టు కానివి కొన్ని. "ఇంజను బోరుకొచ్చింది. పిస్టన్లు, రింగులు మార్చాలి" అని మెకానిక్ ఒక్క మాటలో తేలుస్తాడు. ఆ మాట నిజమే కావచ్చు. కాని దానికి రైతు అడిగే ప్రశ్న "ఎంతవుతుంది?" అన్నదొక్కటే. మొదటి పొరపాటు అక్కడే జరుగుతున్నది.

మా ఊళ్లో ఒక రైతు కిందటేడు ఇలాగే చవకగా వచ్చిందని సెట్టు కొన్నాడు. బిల్లు తీసుకోలేదు. సరిగ్గా దమ్ము మధ్యలో రింగు విరిగి బోరంతా గీసుకుపోయింది. ట్రాక్టరు గట్టున పడింది. కిరాయి ట్రాక్టరు దొరికేసరికి నారు ముదిరిపోయింది. షాపువాడు బిగింపు బాగాలేదన్నాడు. మెకానిక్ సరుకు మంచిది కాదన్నాడు. ఇంజను విప్పి చూస్తే విరగని రింగుల కొసలు ఒకదాన్నొకటి రాసుకుని అద్దంలా మెరుస్తున్నాయి. అంటే వేడికి రింగు సాగడానికి కావలసిన సందు కొసల మధ్య లేదన్నమాట. బిగించేముందు దాన్ని ఎవరూ కొలవలేదు. రెండు నిమిషాల పనికి ఒక సీజను పోయింది.

కంపెనీ పెట్టెలో వచ్చిందే మంచిది, బయటిదంతా చెడ్డది అనుకోవడమూ సరికాదు. ట్రాక్టరు కంపెనీలకు పిస్టన్లు సరఫరా చేసే తయారీదారులు కొందరు తమ సొంత పేరుతోనూ బజారులో అమ్ముతారు. విజయవాడ ఆటోనగర్‌లో అలాంటి సరుకు దొరుకుతుంది, వెల కూడా తక్కువే. భయపడవలసింది ఆ పేర్లను దొంగిలించి అచ్చువేసిన పెట్టెల గురించి. ఏ సరుకైనా మన ఇంజనుకు సరిపోతుందా లేదా అన్నది కొలత చెప్పాలి గాని పెట్టె రంగు చెప్పదు.

కొలత అంటే ఏమిటో రైతు కూడా తెలుసుకోవాలి. బోరును పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కులా గేజితో కొలవాలి. అరుగుదల ఎక్కువగా పైరింగు తిరిగి వచ్చే చోట ఉంటుంది. కోడిగుడ్డులా సాగిన బోరులో కొత్త రింగులు వేస్తే డబ్బు బూడిదలో పోసినట్టే. లైనరు మార్చే ఇంజనయితే లైనరు, పిస్టను, రింగులు ఒకే సెట్టుగా కొనడం మేలు. బోరు చేయించే ఇంజనయితే ముందు ఓవర్‌సైజు పిస్టను తెచ్చి, దాన్ని మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగ్గట్టు బోరు చేయించాలి. ముందే బోరు చేయించి పిస్టను కోసం వెతకడం తలకిందుల పని.

వ్యాసం ఒకటే అయినంతమాత్రాన పిస్టను మనది కాదు. పిన్ను నుంచి తలవరకు ఎత్తు, తలమీద గుంట లోతు మోడలును బట్టి మారతాయి. తేడా వస్తే కంప్రెషను తప్పుతుంది, వాల్వుకు తగిలే ప్రమాదమూ ఉంది. అందుకే పార్టు నంబరు చూసి కొనాలి. మూడు, నాలుగు సిలిండర్ల ఇంజనుకు పిస్టన్ల బరువు కూడా సమంగా ఉండాలి. అనుమానముంటే కంసాలి తక్కెడలో తూయించండి, సిగ్గుపడనక్కరలేదు.

రింగును ఒంటరిగా బోరులో పెట్టి, పిస్టనుతో తిన్నగా నెట్టి, కొసల సందును ఫీలర్ గేజితో కొలవాలి. 100 మిల్లీమీటర్ల బోరుకు సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. కచ్చితమైన అంకె ఇంజను పుస్తకంలో చూడాలి. 'టాప్' అని రాసి ఉన్న వైపు పైకి రావాలి. క్రోమియం పూసిన లైనరులో క్రోము రింగు వేయకూడదు.

బలం పెరగాలని కొందరు కుర్రవాళ్లు రేసు బండ్లలో వాడే ఫోర్జింగు పిస్టన్ల గురించి అడుగుతున్నారు. అవి వేడికి ఎక్కువ సాగేవి కనుక బోరులో సందు ఎక్కువ ఉంచాలి. పొలంలో గంటలకొద్దీ ఒకే తీరున లాగే డీజిలు ఇంజనుకు దాని కంపెనీ చెప్పిన పోత పిస్టనే తగినది. డీజిలు పంపు సీలు తెంపి నూనె పెంచడం ఇంకా ప్రమాదం. నల్లపొగతోపాటు పిస్టను తల కూడా కరిగిపోగలదు.

కొత్త ఇంజనును నేరుగా కేజీ వీల్సుకు కట్టవద్దు. మొదటి 50 గంటలు మధ్యరకం పనే చేయించి, తరువాత ఆయిలు మార్చండి. గాలి ఫిల్టరు, దాని గొట్టాలు సరిచూడకపోతే దుమ్ము ఎంత మంచి రింగునైనా అరగదీస్తుంది.

బిల్లు మాత్రం వదలవద్దు. పార్టు నంబరు, సైజు దానిమీద రాయించండి. విప్పిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. రైతు వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు మన తెలుగు రైతుల విత్తనాల కేసులోనే తేల్చింది. 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. నకిలీ పేరుతో సరుకు అమ్మేవారికి 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద 6 నెలల నుంచి 3 సంవత్సరాల జైలు ఉంది. అయితే బిల్లు లేని ఫిర్యాదు నిలవడం కష్టం.

చివరగా అధికారులకు ఒక మనవి. డీజిలు మెకానిక్ కోర్సు నడిపే ఐ.టి.ఐ.లలో కొలిచే పరికరాలూ ఉంటాయి, నేర్చుకునే విద్యార్థులూ ఉంటారు. ఏటా వేసవిలో వారం రోజులు అక్కడ రైతుల ఇంజన్లు కొలిచి, అంకెలు కాగితం మీద రాసిచ్చే ఏర్పాటు చేస్తే ఖర్చు పెద్దగా ఉండదు. ఆ కాగితం చేతిలో ఉన్న రైతును మెకానిక్ గాని, షాపువాడు గాని అంత తేలికగా మోసం చేయలేరు. నీళ్లు వచ్చాక చేసే ఆలోచన కాదిది. నీళ్లు రాకముందే జరగాలి.