లక్ష్యాల కంటే ముందు బాకీల లెక్క

డిసెంబరు వచ్చిందంటే స్నేహితురాళ్లు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి వుంది: "వచ్చే సంవత్సరం ఏం రాయబోతున్నావు?" ఈసారి జవాబు ఆలోచించే ముందు, ఏడాది పొడవునా చేసిన పనుల కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. రెండు ఇవాల్యుయేషన్ రిపోర్టులు, మూడు శిక్షణా కరదీపికల అనువాదం, పత్రికలకు నాలుగు వ్యాసాలు, ఒక పుస్తకానికి సంపాదకత్వం. మొత్తం పది పనులు. తీరా చూస్తే నాలుగింటికి డబ్బు రాలేదు. ఆ నాలుగింటిలో మూడు స్త్రీల హక్కుల కోసం పనిచేస్తున్న సంస్థలవే.

విశ్వవిద్యాలయంలో స్థిరమైన ఉద్యోగం దొరక్క, కాంట్రాక్టు పాఠాలతో విసిగి, పదేళ్లుగా నేను ఫ్రీలాన్స్‌గా రాసి బతుకుతున్నాను. నాకు తెలిసిన ఇలాంటి స్త్రీలలో చాలామంది పిల్లలు బడికెళ్లాక, అత్తగారికి మందులిచ్చాక దొరికే రెండు గంటల్లో రాస్తారు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తుంటే, ఆ పని చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. లక్ష్యాలు పెట్టుకోండి, రోజుకు వెయ్యి మాటలు రాయండి, తెల్లవారుజామున లేవండి అని సలహాలిచ్చేవాళ్ల ఊహలో వున్న రచయితకు ఎవరో వండిపెడుతూ వుంటారు.

అందుకే ఏడాది చివర రాసుకోవాల్సిన మొదటి కాగితం లక్ష్యాలది కాదు, బాకీలది అని నాకనిపిస్తోంది. ఎవరికి, ఏ తేదీన, ఏ పని ఇచ్చాం, ఎంత రావాలి. పొదుపు సంఘాల్లో అప్పు ఎవరిది, వాయిదా ఎప్పుడు అని పుస్తకాలు రాయడం పల్లెల్లో నేర్పింది మనమే. మన దగ్గర మాత్రం అలాంటి పుస్తకం వుండదు.

ఎందుకు వుండదు? అడగడం సిగ్గు కనుక. ధర్నాల్లో పక్కన కూర్చున్నవాళ్లను అడగడం మరీ సిగ్గు. "మన పనే కదా అక్కా" అన్న మాటతో నోరు మూతపడుతుంది. ఇంటిపనికి విలువ కట్టకపోవడాన్ని ప్రేమ పేరుతో సమర్థిస్తున్నారని దశాబ్దాలుగా చెబుతున్నది మనం. అదే తర్కాన్ని ఉద్యమం పేరుతో మనమే వాడుతున్నాం.

సంస్థల్లోని మిత్రులు నామీద కోప్పడతారని తెలుసు. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి పాలనాపరమైన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు, ఇక మేమెక్కడి నుంచి తెచ్చివ్వాలి అంటారు. ఇబ్బంది నిజమే. కానీ అదే కరదీపిక అచ్చు వేసిన ప్రెస్సుకు, మీటింగుకు కుర్చీలు వేసిన టెంట్ హౌస్‌కు బిల్లు ఆగడం నేను చూడలేదు. గ్రామంలో స్త్రీలు చదువుకోవాల్సిన పుస్తకాన్ని తెలుగులోకి తేవడం పాలనా ఖర్చెలా అవుతుంది? అది అసలు కార్యక్రమమే. ప్రాజెక్టు ప్రతిపాదన రాసేనాడే అనువాదానికి ఒక పద్దు వేయకపోవడం దగ్గర మొదలవుతుంది ఈ చిక్కంతా. మార్చి 31 లోపు నిధులు ఖర్చు చూపించాలి కనుక ఫిబ్రవరిలో ఫోన్లు వస్తాయి: అరవై పేజీలు, వారంలో కావాలి. వారంలో ఇస్తాం. డబ్బు సంగతి ఏప్రిల్‌లోకి, అక్కడి నుంచి మరుపులోకి జారిపోతుంది.

చట్టం కొంతవరకు మన పక్షాన వుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం సేవలందించే ఒంటరి మనిషికి కూడా వర్తిస్తుంది. ఆధార్, పాన్‌లతో ఉద్యమ్ నమోదు చేసుకోవచ్చు, రుసుము లేదు. పని ఒప్పుకోకముందే చేసుకోవడం మేలు. ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన ఇవ్వాలి. మనవాళ్ల మీదే ఫిర్యాదు చేస్తామా అని అడగవచ్చు. నేనూ ఇంతవరకు చేయలేదు. కానీ బిల్లు కింద ఆ 45 రోజుల మాట రాయడం మొదలుపెట్టాను.

ఒప్పంద పత్రాలు కూడా ఒకసారి బయటికి తీయండి. కాపీరైట్ చట్టం ప్రకారం మనం ఉద్యోగిగా కాక విడిగా చేసిన అనువాదం మీద మొదటి హక్కు మనదే. సంతకం చేసిన రాతపూర్వక పత్రం లేకుండా అది ఇంకొకరికి బదిలీ కాదు. బదిలీ చేసినా ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లే. పదేళ్ల కింద ఇచ్చిన అనువాదాన్ని ఇంకా మనల్ని అడక్కుండా అచ్చు వేస్తున్నవాళ్లు వుండవచ్చు. ఇక టీడీఎస్ కింద కోసుకున్న పదోవంతు మన పాన్ మీద జమ అయిందో లేదో చూసుకోవాలి. పన్ను పడేంత ఆదాయం లేనివాళ్లు రిటర్ను వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది.

ఉచితంగా రాయడమే తప్పని నేననడం లేదు. నిజనిర్ధారణ కమిటీ నివేదికకు ఎవరైనా బిల్లు వేస్తారా? వచ్చే ఏడాది అలాంటివి మూడు చేస్తాను, ఏవి చేయాలో నేనే ఎంచుకుంటాను. మిగతా వాటికి మూడోవంతు అడ్వాన్సు చేతికొచ్చాకే మొదలు. జూన్ నెలంతా ఎనిమిదేళ్లుగా వాయిదా పడుతున్న నా పుస్తకానికి.

ఈ లెక్కలు రాస్తుండగా ఇంకో కాగితం బయటపడింది. మూడేళ్ల క్రితం నా ఇంటర్వ్యూల రికార్డింగులు విని కాగితం మీద పెట్టిన విద్యార్థినికి సగం డబ్బే ఇచ్చాను. మిగతాది గ్రాంటు రాగానే ఇస్తానన్నాను. గ్రాంటు వచ్చింది, నేను మర్చిపోయాను. ఫోన్ చేస్తే, "పర్వాలేదు మేడమ్, మీ దగ్గర ఎంతో నేర్చుకున్నాను కదా" అంది. మర్నాడే డబ్బు పంపాను. మూడేళ్ల వడ్డీ కట్టడం నాకు చేతకాక, మా వీధిలో లెక్కలు రాసే ఆవిడ చేత కట్టించి అదీ కలిపాను. వడ్డీ ఎందుకు పంపారని ఆ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది.