గొంతులో ఆ మంట... మంచిదే!

మంచి ఆలివ్ నూనె ఒక చెంచా నేరుగా నోట్లో వేసుకుని చూడండి. ముందు పచ్చిగడ్డి వాసన, తర్వాత చేదు, చివర్లో గొంతులో గరగర. చాలామందికి దగ్గు వచ్చేస్తుంది. ‘నూనె పాడైనట్టుంది’ అని సీసా పక్కన పెట్టేస్తారు. నిజానికి మనం అంత డబ్బు పెట్టేది ఆ చేదుకీ, ఆ మంటకే!

ఆ మంటకు కారణం ఓలియోకాంథాల్. అమెరికాలోని మోనెల్ సెంటర్ శాస్త్రవేత్త గ్యారీ బోషాంప్ సిసిలీలో తాజా ఆలివ్ నూనె రుచి చూసినప్పుడు, ద్రవరూపంలో ఉన్న ఇబుప్రొఫెన్ తాగితే వచ్చే గొంతుమంటే గుర్తొచ్చిందట. ఆ అనుమానం పట్టుకుని వెళ్తే, ఈ పదార్థం కూడా ఇబుప్రొఫెన్‌లాగే వాపును పెంచే ఎంజైమ్‌లను అడ్డుకుంటుందని తేలింది. 2005లో ‘నేచర్’లో ఆ వివరాలు వచ్చాయి. అలాగని తలనొప్పికి నూనె తాగకండి. 50 గ్రాముల నూనెలో ఉండేది పెద్దవాళ్ల నొప్పి డోసులో పదోవంతుకు సమానం. పూర్తి డోసుకు అరకిలో నూనె కావాలి. అంటే 4,500 కేలరీలు!

ఇక చేదు సంగతి. దాని పేరు ఓల్యూరోపీన్. కాయలోనే కాదు, ఆకులోనూ దండిగా ఉంటుంది. పురుగుల నుంచి చెట్టు తనను తాను కాపాడుకోవడానికి తయారుచేసుకున్న ఆయుధమిది. అందుకే ఆలివ్ కాయను చెట్టు నుంచి కోసి తినలేం. మనం మాగాయకు ముక్కలు ఉప్పులో ఊరబెట్టినట్టు, వాళ్లు వారాలు, నెలల తరబడి ఉప్పునీళ్లలో ఊరబెడతారు. చేదు విరిగే క్రమంలో హైడ్రాక్సీటైరొసాల్ అనే మరో పదార్థం పుడుతుంది. ఆరోగ్యం విషయంలో అసలు హీరో ఇదే.

రక్తంలోని కొవ్వులు ఆక్సీకరణం చెందకుండా ఆలివ్ పాలీఫినాల్స్ కాపాడతాయని సీసా మీద రాసుకోవడానికి యూరోపియన్ యూనియన్ 2012లో అనుమతించింది. షరతు ఏమిటంటే, 20 గ్రాముల నూనెలో కనీసం 5 మిల్లీగ్రాముల హైడ్రాక్సీటైరొసాల్, దాని సంబంధిత పదార్థాలు ఉండాలి. రోజూ ఆ 20 గ్రాములూ తీసుకుంటేనే ఫలితం. గమనించండి, ‘కొలెస్ట్రాల్ కరిగిపోతుంది’ అని ఎక్కడా లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఆకు క్యాప్సూల్స్ దగ్గర. మొన్న మా బాబాయ్ ఫోన్ చేసి, ‘ఒరేయ్, ఆలివ్ ఆకు వేసుకుంటే బీపీ మాత్రలు అక్కర్లేదట కదా? రీల్‌లో చూశా’ అన్నాడు. ఆ రీల్ పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. ఇండోనేషియాలో 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆకు సారం 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తే, 8 వారాల్లో క్యాప్టోప్రిల్ మాత్రతో దాదాపు సమానంగా బీపీ తగ్గింది. కానీ వాళ్లంతా బీపీ తొలిదశలో ఉన్నవాళ్లు, డాక్టర్ల పర్యవేక్షణలో ఉన్నవాళ్లు. 8 వారాల ఫలితం చూసి ఏళ్ల తరబడి వాడే మందు మానేయకూడదు. మాత్రలతో పాటు ఇదీ వేసుకుంటే బీపీ మరీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. షుగర్ మందులు వాడేవాళ్లకూ ఇదే మాట. ‘మాత్ర ఆపకు బాబాయ్, డాక్టర్‌ని అడిగాకే ఏదైనా’ అని చెప్పా. ఆకు నుంచి వచ్చింది కాబట్టి ఏమీ కాదనుకోవద్దు. పనిచేసేది ఏదైనా మందే.

కొనేటప్పుడు ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అని ఉందా చూడండి. ‘పొమేస్’, ‘లైట్’ అని ఉన్నవి శుద్ధి చేసిన నూనెలు, వాటిలో ఈ పాలీఫినాల్స్ చాలావరకు పోతాయి. ‘లైట్’ అంటే కేలరీలు తక్కువనీ కాదు. ముదురు రంగు సీసా తీసుకుని స్టవ్‌కి దూరంగా పెట్టండి. పోపుకు కాకుండా సలాడ్ మీదో, ఉడికించిన శనగల మీదో పచ్చిగా వేసుకుంటే మేలు.

బడ్జెట్ లేదా? బెంగ వద్దు. మన గానుగ నువ్వుల నూనెకూ సెసమిన్ లాంటి సొంత పదార్థాలున్నాయి. ఏ నూనె అయినా అదనంగా పోసుకోవడం కాదు, ఇప్పుడు వాడుతున్న దాని బదులు వాడటమే లెక్క.