ఎవరినుంచి యీ రహస్యం?

వేమూరు నుంచి సముద్రం యాభై కిలోమీటర్లు కూడా లేదు. ఆ ఒక్క కారణాన యీ ప్రాంతం దశాబ్దాలపాటు సైనిక రహస్యమై కూర్చుంది. వేళాకోళానికి అంటున్నమాట కాదు. తీరానికీ సరిహద్దుకూ సుమారు 80 కిలోమీటర్ల లోపలున్న నేల వివరాలు చూపే సర్వే పటాలు మామూలు పౌరుడి చేతికి పోగూడదని రక్షణశాఖ ఆంక్ష. పిల్లలకు తమ వూరి కాలవలూ డొంకలూ పటంమీద చూపుదామనుకున్న పంతులుగారికి ఆ పటం దక్కేది కాదు.

2005లో గూగుల్ ఎర్త్ వచ్చింది. తెనాలి నుంచి వేమూరు మీదుగా రేపల్లె పోయే రైలుపట్టాలూ, వాటి పక్కనున్న చేలగట్లూ క్రమంగా ప్రపంచమంతటికీ కనిపించసాగాయి. బాపట్ల దగ్గరి సూర్యలంక వైమానికదళ కేంద్రమూ కనిపించింది. విశాఖ నౌకాస్థావరమూ కనిపించింది. పంతులుగారికి నిషేధించిన వస్తువును ఒక అమెరికన్ కంపెనీ దారినపోయే ప్రతివాడికీ పంచిపెట్టింది!

ఆ అక్టోబరులోనే హైదరాబాదు జాతీయ పోలీసు అకాడమీలో మాట్లాడుతూ రాష్ట్రపతి అబ్దుల్ కలాం యీ చిత్రాలపై ఆందోళన వెలిబుచ్చారు. 2008 నవంబరులో బొంబాయిమీద దాడిచేసినవాళ్ళు వీటిని వాడుకున్నారన్న వార్త వచ్చాక ఆ ఆందోళనకు బలం చేకూరింది. నిషేధించమని కొందరు హైకోర్టుకు కూడా వెళ్ళారు. ఈ భయాన్ని నవ్వి కొట్టిపారెయ్యటం మనకు తగదు. అక్కడ 166 మంది ప్రాణాలు పోయాయి. అయితే ఆ హంతకులు పడవ వాడారు, ఫోను వాడారు. వాళ్ళ మనిషి డేవిడ్ హెడ్లీ ముందుగానే బొంబాయి వచ్చి, హోటళ్ళు స్వయంగా తిరిగి చూసి, వీడియోలు తీసుకుపోయాడు. పటాలు నిషేధిస్తే అతను ఆగేవాడా?

అసలు మన శత్రువుకు చూపు ఎప్పుడు లేదు? 1960 నుంచి 1972 దాకా అమెరికా కరోనా గూఢచారి ఉపగ్రహాలు భూగోళాన్ని ఫోటోలు తీశాయి. 1995లో వెల్లడిచేసినప్పుడు ఆ ఫోటోలు ఎనిమిది లక్షల అరవైవేలకు పైగా తేలాయి. అంటే వేమూరు పంతులుగారికి పటం నిరాకరించిన రోజుల్లో వాషింగ్టన్‌కు మన నేలను పైనుంచి చూసే కన్ను వుంది. నిజమైన రక్షణ ఎట్లా వుంటుందో 1998లో పోఖ్రాన్ చూపింది: ఉపగ్రహాలు ఏ వేళకు నెత్తిమీదికి వస్తాయో లెక్కగట్టి, మనవాళ్ళు చీకట్లో పనిచేశారు. శత్రువు చూస్తాడని ఒప్పుకున్నవాడే శత్రువు కన్నుగప్పగలడు. తన ప్రజల కళ్ళకు గంతలు కట్టి, శత్రువు గుడ్డివాడయ్యాడనుకునేవాడు దేశరక్షకుడు ఎట్లా అవుతాడు?

ఇహ అవతలి పక్షం. గూగుల్ ఎర్త్‌ను తెరిచిన తలుపుగా పొగిడే మిత్రులు దాని పుట్టుక మరిచిపోతున్నారు. దీన్ని తయారుచేసిన కీహోల్ కంపెనీలో 2003లో సీఐఏ తరపు పెట్టుబడి సంస్థ ఇన్‌క్యూటెల్ డబ్బు పెట్టింది. 2004లో గూగుల్ దాన్ని కొన్నది. ఈ తలుపు అందరి ఇళ్ళకూ ఒకే తీరున తెరుచుకోదు. 1996లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం పుణ్యమా అని, 2020 దాకా ఇజ్రాయెల్‌ను రెండు మీటర్లకన్న స్పష్టంగా చూపే చిత్రాలు అమెరికన్ కంపెనీలు అమ్మటానికి వీల్లేకపోయింది. ఆ మసక పాలస్తీనా నేలనూ కప్పేసింది. కూలిన ఇళ్ళు లెక్కపెట్టబోయినవాళ్ళకు ఎదురైంది ఆ మసకే! ఎవరిది రహస్యమో, ఎవరిది బహిరంగమో నిర్ణయించేది సాంకేతికశాస్త్రం కాదని, దాన్ని చేతబట్టినవాళ్ళని ఇంతకన్న రుజువు కావాలా?

మన ప్రభుత్వాల నడక చూడండి. 2016 ముసాయిదా బిల్లులో, అనుమతి లేకుండా పటసమాచారం సేకరిస్తే కోటి నుంచి వందకోట్ల దాకా జరిమానా, ఏడేళ్ళ దాకా జైలు అన్నారు. గగ్గోలు పుట్టి అది చట్టం కాలేదు. అయిదేళ్ళకే, 2021 ఫిబ్రవరిలో, భారతీయ కంపెనీలకు అనుమతులతో పనిలేదని తలుపులు బార్లా తీశారు. నిన్న దేశద్రోహమైనది నేడు వ్యాపారావకాశమైంది! మధ్యలో మారినది శత్రువు కాదు, సరుకు ధర. 1767లో ఈస్టిండియా కంపెనీ కోసం పుట్టిన సర్వేశాఖకు యీ మార్పు కొత్తేమీ కాదు.

రహస్యాలే వద్దని మన వాదం కాదు. సేనల కదలికలు, సంకేతలిపి, యుద్ధవ్యూహం దాచవలసినవే. కాని రాంబిల్లి తీరాన కడుతున్న నౌకాస్థావరాన్ని విదేశీ విశ్లేషకులు చిత్రాలతో సహా ప్రచురిస్తుండగా, ఆ తీరాన్ని వదులుకోవలసివచ్చిన జాలరి తన నేల ఎంత పోయింది, పరిహారమెంత అని అడిగితే దేశరక్షణ అడ్డం రాగూడదు. 2020 డిసెంబరు నుంచి మన చేలమీద ప్రభుత్వ డ్రోన్లు ఎగిరాయి. ఆ చిత్రంలో తన గట్టు ఎక్కడ పడిందో చూసుకునే హక్కు రైతుకూ, కౌలుదారుకూ వుండితీరాలి.

కనుక విద్యార్థులారా, ఉపాధ్యాయులారా! ప్రతి బడిలో ఆ వూరి పటం తెలుగులో, గోడమీద వుండాలని అడగండి. రహస్యమన్న మాట వినబడ్డ ప్రతిసారీ ఒక్క ప్రశ్న వెయ్యండి: ఎవరినుంచి?