వెలుతురును కొలుచు విద్య

విజ్ఞానప్రదర్శనములయందు చీకటి పడగనే తనంత తాను వెలుగు దీపము మనకు తరచుగా కనబడుచుండును. ఎల్.డి.ఆర్. అను చిన్న బిళ్లను ఆర్డుయినో యూనో అను మైక్రోకంట్రోలరు పలకకు కలిపి, కంప్యూటరుపై కొన్ని ఆజ్ఞలు వ్రాసి, బాలబాలికలు దీనిని చేయుచున్నారు. ఇది మెచ్చదగినదే. కాని దీనిని నేర్పు పద్ధతి మారవలెనని మా యభిప్రాయము.

ఒకమారు మా విద్యార్థి తెచ్చిన దీపము, ఇంట చక్కగా వెలిగినదే, ప్రదర్శనమందిరమున బిళ్లపై చేయి యడ్డుపెట్టినను వెలుగలేదు. పలక చూపు అంకె 500 కంటె తగ్గిననే దీపము వెలుగవలెనని వాడు వ్రాసియుండెను. "500 ఏల?" అని న్యాయనిర్ణేత యడుగగా, "అట్లే వ్రాయవలెనన్నారండి" అని తల వంచుకొనెను. తప్పు వానిది గాదు, నేర్పిన మాది.

వెలుతురు హెచ్చినకొలది బిళ్ల యొక్క విద్యున్నిరోధము తగ్గును. ఇట్టి గుణము సెలీనియమునందు కలదని విలోబీ స్మిత్ అను ఆంగ్లేయుడు 1873లోనే ప్రకటించెను. అయితే యూనో పలక నిరోధమును కొలువజాలదు. వోల్టేజిని మాత్రమే కొలుచును. అందుచేతనే 10,000 ఓముల నిరోధకము నొకదానిని తోడు చేయుదురు. బిళ్లను 5 వోల్టుల కొనకును, నిరోధకమును గ్రౌండు కొనకును కలిపి, రెండును కలియు చోటినుండి ఒక తీగను ఏ-0 అను చోటికి తేవలెను. అప్పుడు ఆ 5 వోల్టులు రెంటి నిరోధముల నిష్పత్తిని బట్టి పంచబడును. బిళ్ల నిరోధము చీకటిలో 90,000 ఓములనుకొందము. ఏ-0 వద్ద అర వోల్టు వచ్చును. వెలుతురులో 2,500 ఓములైనచో 4 వోల్టులు వచ్చును. పలక 0 మొదలు 5 వోల్టులను 0 మొదలు 1023 వరకు గల అంకెలుగా చూపును గనుక, మొదటిది సుమారు 100, రెండవది సుమారు 820 అగును. ఇది నిష్పత్తుల లెక్కయే గదా!

కావున 500 అనునది ప్రకృతినియమము కాదు. ఆ గదిని, ఆ బిళ్లను బట్టి మారునది. విద్యార్థి మొదట పుస్తకము తెరచి, మధ్యాహ్నమున, సంధ్యవేళను, దీపము క్రిందను, చేతినీడను వచ్చిన అంకెలను వ్రాసికొనవలెను. పిమ్మట తన సంఖ్యను తానే నిర్ణయింపవలెను.

ఇంతకు కాలము చాలదని కొందరందురు. పది వస్తువులకు మారుగా రెండే ప్రదర్శింతము. ఆ రెంటికిని కారణము చెప్పగల పిల్లలు మనకు చాలును. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే: పిల్లలు తీగలు తప్పుగా కలిపి, విప్పి, మరల కలుపుచున్నప్పుడు తొందరపెట్టకుడు. సిద్ధముగా చేసిన వస్తువును కొనితెచ్చి చేతికీయకుడు. వెలుగని దీపము ఏల వెలుగలేదో కనుగొన్న బాలుడే నిజముగా నేర్చినవాడు.