పడగ పిడి కత్తి

గాంధారిలో ప్రేమవిందుకు ఉల్లిగడ్డలు కోయుచుండగా ఒక యౌవనస్థుడు నడుమునుండి కత్తి తీశాడు. సినిమా కత్తివంటిది, పిడికి నాగుపడగ, అంచంతా రంపపు పళ్ళు! ఎక్కడికి పోయినా వెంటనే ఉంటుందట.

పళ్ళు గడ్డను కోయలేదు, చీల్చాయి. పడగ అరచేతిలో గుచ్చుకొంది. మూడవ గడ్డకు పిడి ఊడింది. చూస్తే లోపలికి పోయినది సన్నని చువ్వ ఒక్కటే. గోడకు తగిలించుటకు చేసిన వస్తువు మరి! ప్రక్కనే వాని తల్లి కత్తిపీటను కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో బుట్టెడు కోసింది. సౌలు కత్తి కట్టుకొని నడవలేక విప్పివేసిన దావీదు (1 సమూ. 17) మాకు జ్ఞాపకం వచ్చాడు.

నవ్వు ఆగినాక ఆమె మెల్లగా, “పోలీసులు పట్టుకుంటే ఎట్ల అయ్యగారూ?” అన్నది. భయం ఉత్తది కాదు. 1959 ఆయుధాల చట్టం క్రింది నియమాలలో, 9 అంగుళాల పొడవుకో 2 అంగుళాల వెడల్పుకో మించిన కత్తులు ఆయుధాల లెక్కలోనివే. ఇంటికి, సేద్యానికి చేసినవి వేరు. కొలిచాము; పదకొండు అంగుళాలు.

“కొడవలి అయితే వరికోతకు అంటావు. దీన్ని ఏ పనికని చెప్తావురా?” అని అడిగాము.

చాలాసేపు ఆలోచించాడు. “పుచ్చకాయకు, అయ్యగారూ.”