చెట్టు చెక్కు గీకి అమ్మే సన్‌స్క్రీన్

మొన్న శుక్రవారం లంచ్‌లో మా టీమ్ మిత్రుడొకడు ల్యాప్‌టాప్ తెరిచి స్లైడ్లు చూపించాడు. వచ్చే ఏడాది ఉద్యోగం మానేసి కంపెనీ పెడతాడట. సరుకేంట్రా అంటే సన్‌స్క్రీన్. "కెమికల్స్ లేవు, హండ్రెడ్ పర్సెంట్ నేచురల్, లైకెన్ల నుంచి తీసేది." మూడో స్లైడులో ఏటూరునాగారం అడవి, నాలుగో దాంట్లో నవ్వుతున్న కోయ అవ్వ. మా అమ్మమ్మ వాళ్ళది ఏటూరునాగారమని వాడికి తెలుసు (మా చిన్నప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు). అందుకే "లోకల్ పార్ట్‌నర్‌వి నువ్వే" అన్నాడు. బిర్యానీ చల్లారింది గానీ నా మంట మాత్రం చల్లారలేదు. అందుకే ఈ టపా.

లైకెన్ అంటే గుర్తు రాని వాళ్ళకి... మీరు చాలాసార్లు తినే ఉంటారు. బిర్యానీ మసాలాలో ఎండిన ఆకు ముక్కలా నల్లగా కనిపించే రాతి పువ్వు లైకెనే. శిలీంధ్రం, శైవలం కలిసి చేసే కాపురం అని ఇంటర్ బోటనీలో చదివాం (ఎంపీసీ వాళ్ళు క్షమించాలి). లోపలున్న శైవలానికి వెలుతురు కావాలి, కానీ ఎండ మరీ ఎక్కువైతే చస్తుంది. అందుకే శిలీంధ్రం పైపొరలో ఉస్నిక్ ఆమ్లం, అట్రనోరిన్, పారిటిన్ లాంటి పదార్థాలు పేరుస్తుంది. అవి అతినీలలోహిత కిరణాలని మింగేస్తాయి. 2005లో యూరప్ వాళ్ళు ఫోటాన్-ఎం2 ఉపగ్రహంలో రెండు రకాల లైకెన్లని పంపించి, రెండు వారాల పాటు అంతరిక్షంలో ఎండకి పెట్టి తెచ్చారు. తిరిగొచ్చాక బతికే ఉన్నాయి! కాబట్టి మావాడి మొదటి స్లైడు అబద్ధం కాదు.

తేడా కొట్టేది రెండో స్లైడు దగ్గర. లైకెన్‌కి పనిచేసింది మన మొహానికి పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. 2002లో వచ్చిన ఒక పరిశోధనలో లైకెన్ పదార్థాల్ని పోల్చి చూస్తే యూవీబీని ఆపడంలో ఉస్నిక్ ఆమ్లమే మెరుగ్గా వచ్చింది. మనుషుల చర్మం మీద దాని ఫలితం ఎంతంటే, బజార్లో దొరికే ఎస్‌పీఎఫ్ 5 స్ప్రేకి దగ్గరగా. ఎస్‌పీఎఫ్ 5 అంటే చర్మాన్ని కందించే కిరణాల్లో ఐదో వంతు లోపలికి పోతాయి. ఎస్‌పీఎఫ్ 30 అయితే ముప్ఫయ్యో వంతు. ఆరు రెట్ల తేడా. మన ప్రొడక్షన్ సర్వర్ ఇలా ఉంటే మేనేజర్ ఊరుకుంటాడా? పైగా ఉస్నిక్ ఆమ్లం పని ఎక్కువగా యూవీబీ వైపే, యూవీఏ దగ్గర బలహీనం.

ఇక "కెమికల్స్ లేవు" అనే మాట. బాబూ, ఉస్నిక్ ఆమ్లం పేరులోనే ఆమ్లం ఉంది! 2001లో దాని లవణం కలిపిన లిపోకైనెటిక్స్ అనే బరువు తగ్గే మాత్రలు మింగి కొందరికి కాలేయం దెబ్బతింటే, వాటిని వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మింగడం, రాసుకోవడం ఒకటి కాదు, ఒప్పుకుంటా. సరే, రాసుకునే సంగతే చూద్దాం. ఓక్‌మాస్ అనే లైకెన్‌ని అత్తర్లలో ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు. అందులోంచి వచ్చే అట్రనాల్, క్లోరోఅట్రనాల్ చర్మానికి ఎలర్జీ తెస్తున్నాయని యూరోపియన్ యూనియన్ 2017లో నిషేధం తెచ్చి, 2021 ఆగస్టు కల్లా అవున్న సౌందర్య సాధనాలేవీ అమ్మకూడదంది. అట్రనాల్ పుట్టేది అట్రనోరిన్ విడిపోతేనే. మన రాతి పువ్వులో ఉన్నదీ అట్రనోరినే. మా అమ్మమ్మకి ఫోన్‌లో ఈ సంగతి చెప్తే "కూరలేసేది మొఖానికి రాసుకునుడేంది బిడ్డా" అంది. ఆవిడకి ఇన్వెస్టర్లు లేరు కదా, సూటిగా అడగ్గలదు.

నాకు అసలు కోపం తెప్పించింది మాత్రం అడవి ఫొటో. బజార్లో రాతి పువ్వు ఎక్కువగా హిమాలయాల నుంచి, పశ్చిమ కనుమల నుంచి వస్తుంది. మా వైపు పొడి అడవిలో నేను చూసినవన్నీ చెట్టు చెక్కుకి సున్నం చల్లినట్టు అతుక్కుపోయిన మచ్చలే. వాటిని తీయాలంటే చెక్కుతో సహా గీకాలి. ఆ రకాలు ఏడాదికి మిల్లీమీటరు పెరిగితే గొప్ప. అరచేయంత మచ్చ అంటే మనకంటే పెద్ద వయసుండొచ్చు. టన్నుల లెక్కన ఎక్కడ్నించి తెస్తాడు? 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య సుడిగాలికి కొన్ని గంటల్లో దాదాపు 50 వేల చెట్లు పడిపోయాయి. వాటి చెక్కు మీదున్నవన్నీ వాటితోనే పోయాయి. మిగిలిన చెట్లని మనం గీకుదామా?

"కోయ వాళ్ళకి ఏమిస్తావ్రా?" అని అడిగా. "ప్యాకెట్ మీద ఫొటో వేస్తాం, బ్రాండ్ స్టోరీ" అన్నాడు. 2002 జీవవైవిధ్య చట్టం అని ఒకటుందనీ, అడవి వనరుతో వ్యాపారం చేస్తే లాభంలో వాటా పంచే సంగతి అందులో ఉందనీ వాడికి తెలీదు. స్లైడుల్లో ఎక్కడా లేదు మరి.

లైకెన్ల మీద పరిశోధనే వద్దనట్లేదు నేను. ఆ అణువుల్ని ల్యాబ్‌లో తయారుచెయ్యండి, శిలీంధ్రాన్ని విడిగా పెంచండి, చర్మం మీద పరీక్షించి అంకెలు చూపించండి. నేనే మొదట కొంటా. పరీక్ష లేకుండా "ప్రకృతి" అని లేబుల్ అంటిస్తే అది టెస్ట్ కేసులు రాయకుండా రిలీజ్ చేసిన కోడే.

నిజంగా ఎండలో మాడేది మనం కాదు కదా. ఏసీ క్యాబ్‌లో వచ్చి ఏసీలో కూచుంటాం. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు తెంపేవాళ్ళు, మంగపేట వైపు మిర్చి ఏరేవాళ్ళు మాడతారు. మా మేనత్త మిర్చి చేనుకి పోతే చీర మీద మామయ్య పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాల చుట్టుకుంటుంది. దట్టమైన నేత బట్ట ఎస్‌పీఎఫ్ 5 కంటే ఎంతో మేలు, చెమటకి కారిపోదు, దద్దుర్లూ రావు. ఆ చొక్కాకి స్లైడు ఎవరూ వెయ్యరు.

వచ్చే నెల ఊరెళ్తున్నానని తెలిసి "శాంపిల్‌కి రెండు కిలోల చెక్కు పట్రా" అన్నాడు మావాడు. తేనని చెప్పేశా. మిర్చి పొడి కావాలంటే తెస్తానన్నా, ఇంకా రిప్లై ఇవ్వలేదు.