గడియారమే నయం

షుగరు, బీపీ రెండూ అదుపులోనే ఉన్న ఓ డెబ్బయ్యేళ్ల పెద్దాయన అమెరికాలో తన డాక్టరు దగ్గరికి వెళ్లాడనుకుందాం. డాక్టరు రక్తపరీక్ష రిపోర్టు చూశారు, నాలుగు ప్రశ్నలడిగారు, పాత మందులే మళ్లీ రాశారు. పన్నెండు నిమిషాల్లో పనైపోయింది. పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌కు ఏ బిల్లు పంపాలి? పట్టిన సమయాన్ని బట్టి అయితే 99212 అనే కోడ్, ఈమధ్య రేట్లలో 57 డాలర్ల దాకా వస్తుంది. తీసుకున్న నిర్ణయం ఎంత క్లిష్టమైనదో చూసి అయితే, రెండు దీర్ఘకాలిక జబ్బులు, ప్రిస్క్రిప్షన్ మందులు కలిసి 99214 అవుతుంది, సుమారు 130 డాలర్లు. రెండూ నిబంధనలకు లోబడినవే. ఏ లెక్క లాభమైతే ఆ లెక్క ఎంచుకోవచ్చు. అందులో 20 శాతం ఆ పెద్దాయన జేబులోంచో, ఆయన కట్టుకునే అదనపు ఇన్సూరెన్స్ నుంచో పోతుంది. మెడికేర్ బిల్లుల గొడవంటే దొంగ డాక్టర్ల గొడవేనని అనుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఈ 73 డాలర్ల చట్టబద్ధమైన తేడాని.

ఇది ఇక్కడిదాకా ఎలా వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. 1992లో మెడికేర్ కొత్త ఫీజుల పట్టిక తెచ్చింది. హార్వర్డ్‌లో విలియం సియావ్ బృందం చేసిన అధ్యయనం దానికి ఆధారం. డాక్టరు గదిలో జరిగే విజిట్‌ను ఐదు మెట్లుగా విడగొట్టారు. ఏ విజిట్ ఏ మెట్టుదో తేల్చడానికి 1995లో ఒకసారి, 1997లో ఇంకోసారి మార్గదర్శకాలు వచ్చాయి. రోగి చెప్పిన చరిత్రలో ఎన్ని అంశాలు రాశారు, శరీరంలో ఎన్ని భాగాలు పరీక్షించినట్టు నమోదు చేశారు అని లెక్కపెట్టే పద్ధతి అది. డబ్బు రాతకు ముడిపడ్డాక రాత పెరగక ఏం చేస్తుంది? ఎలక్ట్రానిక్ రికార్డులొచ్చాక ఒక్క నొక్కుతో పేజీలు నిండిపోవడం మొదలైంది, నిన్నటి నోట్ నేటి నోట్‌గా అతుక్కుంది. 2012 సెప్టెంబరులో ఆరోగ్య మంత్రి క్యాథ్లీన్ సెబీలియస్, అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ కలిసి ఆసుపత్రుల సంఘాలకు హెచ్చరిక లేఖ రాయాల్సి వచ్చింది. ఒకే సాఫ్ట్‌వేర్ వాడే ఇతర దేశాల డాక్టర్లతో పోలిస్తే అమెరికా డాక్టర్ల నోట్లు సగటున దాదాపు నాలుగు రెట్లు పొడవని 2018లో ముగ్గురు వైద్య పరిశోధకులు ఎత్తిచూపారు. అక్కడి రోగులకు జబ్బులు నాలుగు రెట్లు ఎక్కువేమీ లేవు.

2014లో ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. 2010లో ఈ తరహా విజిట్లకు మెడికేర్ చేసిన చెల్లింపుల్లో 21 శాతం, అంటే 670 కోట్ల డాలర్లు, సక్రమం కావని తేల్చింది. డాక్టర్లను దొంగలుగా చూపించాలనుకునేవాళ్లకు ఈ అంకె బాగా పనికొస్తుంది. కానీ అదే నివేదికలో, చేసిన పనికంటే తక్కువ మెట్టు కోడ్ వేసిన బిల్లులు కూడా ఉన్నాయి. మోసం చేసేవాడు తక్కువకు బిల్లు వేసుకోడు. అంతకంటే ఇబ్బందికరమైన సంగతి 2002లోనే బయటపడింది. సర్టిఫికెట్ ఉన్న కోడర్లకు ఒకే నోట్ చూపించి కోడ్ వేయమంటే, వాళ్ల మధ్య ఏకాభిప్రాయం 57 శాతం దగ్గరే ఆగిపోయింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివిన మన పిల్లలు పుస్తకాలు ముందేసుకుని నేర్చుకునేది ఈ కోడింగ్ విద్యనే. నేర్పుతో చేసే పనే, కాదనను. కానీ ఆ నేర్పరులకే తెగని లెక్క పెట్టుకుని డాక్టరు మీద కేసు పెట్టడం న్యాయం అనిపించుకోదు.

2018లో మెడికేర్ సంస్థ ఈ చిక్కును ఒక్క దెబ్బతో తెంపబోయింది. రెండో మెట్టు నుంచి ఐదో మెట్టు దాకా అన్నింటికీ ఒకే రేటు, పాత రోగికైతే 93 డాలర్లు అంది. కేన్సర్, కీళ్లవాతం, నరాల జబ్బుల డాక్టర్లు భగ్గుమన్నారు. వాళ్ల కోపంలో న్యాయముంది: పార్కిన్సన్స్ రోగితో నలభై నిమిషాలు కూర్చున్నవారికీ, చర్మం మీద పుట్టుమచ్చ చూసి పంపేసినవారికీ ఒకే ధర ఎలా ఇస్తారు? ఆ ప్రతిపాదన వీగిపోయింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తయారుచేసిన కొత్త పద్ధతి 2021 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంశాలు లెక్కపెట్టే తంతు పోయింది, అది నిజంగా మేలు. మిగిలినవి రెండే కొలతలు: నిర్ణయంలోని క్లిష్టత, లేదా ఆ రోజు ఆ రోగికి పెట్టిన మొత్తం సమయం. నా అభ్యంతరమంతా ఆ ‘లేదా’ దగ్గరే.

లెక్క వేసి చూడండి. సమయం లెక్కన మూడో మెట్టు 99213కి 20 నిమిషాలు, సుమారు 90 డాలర్లు. 99214కి 30 నిమిషాలు, 130. గంటకు మూడు చిన్న విజిట్లు చూస్తే 270, రెండు పెద్దవి చూస్తే 260. పన్నెండేసి నిమిషాల 99212లు ఐదు చూసినా 285. అంటే ధరల పట్టిక గడియారంతో ఇప్పటికే ఇంచుమించు సరిపోయి ఉంది. అదే ఐదు పన్నెండు నిమిషాల విజిట్లనూ క్లిష్టత పేరిట 99214 చేస్తే గంటకు 650 డాలర్లు. ఒక్క అబద్ధం రాయకుండా ఆదాయం రెట్టింపు దాటిపోతుంది. హడావుడిగా చూసి పంపే డాక్టరుకు బహుమతి, రోగి మాట పూర్తిగా వినే డాక్టరుకు జరిమానా వేసే పద్ధతి ఇది. క్లిష్టత కొలతను తీసేసి ఒక్క సమయాన్నే ఉంచాలి.

అనుభవం ఉన్న డాక్టరు పది నిమిషాల్లో పట్టేసే జబ్బును కొత్తవాడు అరగంట వెతుకుతాడు, ఆ చురుకుదనానికి విలువ లేదా అని అడుగుతారు. ఉంది. పైలెక్కలో ఆయన గంట సంపాదన పడిపోవడం లేదు, రెట్టింపు కావడం లేదంతే. పైగా ఇదేమీ వింత కాదు. అనస్థీషియా డాక్టర్లకు మెడికేర్ ఎప్పటినుంచో ఇస్తున్న చెల్లింపులో, ఆపరేషన్‌ను బట్టి ఉండే మూల యూనిట్లతో పాటు 15 నిమిషాల యూనిట్ల లెక్కా ఉంది. నిమిషాలూ అబద్ధం రాయొచ్చు కదా అంటే, రాయొచ్చు. అయితే ఒక డాక్టరు ఒక రోజు వేసిన నిమిషాలన్నీ కూడితే పద్దెనిమిది గంటలు తేలితే కంప్యూటరే పట్టేస్తుంది. క్లిష్టత బూటకమని తేల్చాలంటే మనిషి కూర్చుని చార్ట్ చదవాలి. ఎక్కువ మెట్ల బిల్లులు పంపే డాక్టర్లను అలా తనిఖీ చేయించమంటే, ఖర్చు గిట్టదని మెడికేర్ సంస్థే ఒప్పుకోలేదు. కావాలని నత్తనడక నడిచేవాళ్లు కొందరుంటారన్నది మాత్రం కాదనలేను. ఆ నష్టం, ఇప్పటి నష్టం కంటే చిన్నదని నా అంచనా.

ఇక డాక్టర్లలో డాక్టర్లకే ఉన్న తగవు వేరు. ఫీజుల మార్పులతో ఏటా ఖర్చు 2 కోట్ల డాలర్లకు మించి మారితే మొత్తం పట్టికను సరిచేసి లెక్క సమం చేయాలని చట్టం. అందుకే 2021లో విజిట్ల రేట్లు పెరగ్గానే సర్జన్ల ఫీజులకు కోత పడింది, కాంగ్రెస్ జోక్యం చేసుకుని కొంత పూడ్చింది. రోగిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండే డాక్టర్లకు 2024 నుంచి ఇస్తున్న 16 డాలర్ల అదనపు కోడ్ జీ2211 మీద సర్జన్ల సంఘాలు గట్టిగా పోరాడాయి. ఏ కొలత పెట్టినా ఆ తగవు తీరదు.

రోగికి కొన్ని నెలలకోసారి మెడికేర్ పంపే బిల్లుల వివరాల పత్రంలో డాక్టరు ఎదురుగా గడిపిన నిమిషాలు ఒక గడిలో, చార్ట్ ముందు గడిపినవి మరో గడిలో అచ్చువేయడం నేడే మొదలుపెట్టొచ్చు. ‘మధ్యస్థ క్లిష్టత’ నిజమో కాదో ఆ పెద్దాయన చెప్పలేడు. పన్నెండు నిమిషాలకు ముప్పై అని రాసి ఉంటే మాత్రం ఫోన్ చేసి అడుగుతాడు.